అనవసర తనిఖీ

సూరమ్మ చనిపోయిన రోజు సాయంత్రం మా ప్రయోగశాలలో మాడుగుల హల్వా పంచుకున్నాం. రెండో దశ ప్రయోగానికి అనుమతి వచ్చిందన్న సంతోషంతో మా డైరెక్టరు విల్సన్‌బాబు గారు స్వయంగా తెప్పించిన డబ్బా అది. నేను రెండు ముక్కలు తిన్నాను. అదే సమయంలో, విశాఖపట్నానికి నూట ముప్ఫై కిలోమీటర్ల అవతల, నల్లగెడ్డ నీళ్ళలో ఆమె కోసం వెతుకుతున్నారు.

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. పేరు మాత్రం తెలుసు. అంతకు ఏడు నెలల ముందు ఆ పేరును నా చేత్తోనే ఒక కాగితం మీద రాసి, పక్కన రెండు మాటలు చేర్చాను. ఆ రెండు మాటల సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు ఇందుమతి. మనసు జబ్బుల మీద పన్నెండేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. మమ్మల్ని మొదటినుంచీ పట్టి పీడించిన ప్రశ్న ఒకటే. ఒక ఆఫీసులో ఒకే రోజున ఇద్దరి ఉద్యోగాలు పోతాయి. ఒకతను వారం రోజులు గడ్డం పెంచుకుని, ఎనిమిదో రోజు స్నానం చేసి కొత్త పని కోసం బయల్దేరతాడు. రెండో అతను ఆరు నెలలైనా మంచం దిగడు. కష్టం ఒకటే అయినప్పుడు తేడా మనిషిలోనే ఉండాలి కదా. ప్రతిదానికీ ముందే జడిసే స్వభావం, జరిగిన ప్రతి చెడుకూ నాదే తప్పనుకునే స్వభావం కొందరికి పుట్టుకతోనే ఎక్కువ. దాన్ని మేం ‘మొగ్గు’ అనేవాళ్ళం. మొగ్గు ఎక్కువున్న వాళ్ళకే దిగులు జబ్బూ, ఆందోళన జబ్బూ త్వరగా పట్టుకుంటాయి. వచ్చాక మందులివ్వడం అందరూ చేస్తున్నదే. మేం ఆ మొగ్గునే తగ్గించే యంత్రం తయారుచేశాం.

పళ్ళ డాక్టరు దగ్గర ఉండే కుర్చీలాంటిది, పైన ఒక గొడుగు. మా టెక్నీషియన్లు దాన్ని గొడుగు అనే పిలిచేవారు. కుర్చీలో కూర్చున్న మనిషిని అతనికి బాగా భయం కలిగించే సన్నివేశం ఒకటి తలుచుకోమంటాం. అప్పుడు మెదడులో కలిగే కదలిక ఎదురుగా ఉన్న తెర మీద అలగా లేస్తుంది. లేచిన చోటే గొడుగులోంచి సన్నటి అయస్కాంత తరంగాలు దాన్ని అణచివేస్తాయి. పన్నెండు సార్లు కూర్చుంటే చాలు. ఉన్న భయాలన్నిటినీ అణచాల్సిన పని లేదు. అన్నిటికంటే పెద్ద అల లేపే సన్నివేశాన్ని ఎంచుకుని దాన్ని లొంగదీస్తే, మిగతావి వాటంతటవే లొంగిపోతాయి. ఆ సన్నివేశాన్ని ఎంచడమే నా పని.

మా బావ తవిటినాయుడు నల్లగెడ్డ జలాశయం దగ్గర గేటు ఆపరేటరు. మా అక్క దమయంతి భర్త. నాకు తెలిసిన మనుషుల్లో అంత భయస్తుడు మరొకడు లేడు. బస్సు సగం దూరం వెళ్ళాక దిగిపోయి, ఇంటికి తాళం వేశామో లేదో చూడ్డానికి వెనక్కి నడిచిన మనిషి. కూతురు చైత్ర బడి నుంచి ఐదు నిమిషాలు ఆలస్యమైతే చెప్పుల్లేకుండా రోడ్డెక్కేవాడు. తన తల్లి గుండెపోటుతో పోయినప్పుడు, గంట ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేదని ఎనిమిది నెలలు సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చైత్రకు డెంగ్యూ వచ్చి తగ్గిన ఏడాది మళ్ళీ అదే. పిల్ల లేచి తిరుగుతోంది, అతను లేవలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

“ఇందూ, మీ బావ గేట్ల మీద వంతెన చివర కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూకున్నాడే. ఏటి చేస్తన్నావంటే నీళ్ళు చూస్తన్నానన్నాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రోజూ నేనే వెళ్ళి లాక్కురాగలనా? నీ మిషను అతనికి పెట్టవే.”

బంధువుల్ని ప్రయోగంలో చేర్చుకోకూడదని మా నియమం. ఇంటిపేర్లు వేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేను చెప్పలేదు.

మొదటి రోజు నేనే అతని ఎదుట కూర్చున్నాను. రోజులో ఒకటికి రెండుసార్లు చూసుకునే పనులన్నీ చెప్పమన్నాను. గ్యాసు, తాళం, చైత్ర సంచి, అక్క వేసుకునే బీపీ మాత్ర, ఇలా ఇరవై రెండు చెప్పాడు. నేను రాస్తూ పోయాను. అయిపోయిందనుకుంటే కాసేపాగి ఇంకొకటి అన్నాడు.

“గేట్లు ఎత్తేముందర గట్టు దిగి ఓసారి చూసొత్తాను.”

“సైరన్ ఉంటుంది కదా బావా?”

“ఉంటాది. మూడుసార్లు మోగించాల, పావుగంట ఆగాల, అప్పుడెత్తాల. రూలంతే. కాని కింద ఇసకలో సూరమ్మని ఓ ముసిల్ది దోసపాదులేసుకుంటాది. దానికి చెవుడు.”

“వాళ్ళ వాళ్ళు ఎవరో ఒకరు పిలవరా?”

“పిలుస్తారు. అయినా నాను ఎల్లి, తువ్వాలు ఊపి, అది గట్టెక్కీదాకా నిలబడతాను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“పదకొండేళ్ళు. ఎత్తిన ప్రెతీసారీ.”

“అందులో మీరు వెళ్ళకపోతే ఆవిడ నిజంగా మునిగిపోయేదే అన్నది ఎన్నిసార్లు?”

బావ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. అబద్ధం చెప్పే అలవాటు అతనికి లేదు.

“ఒక్కసారీ నేదు ఇందూ. నానెల్లీసరికి ఎవరో ఒకరు పిలిచీసేవోరు. లేపోతే అదే ఇంటికెల్లిపోయుండేది.”

పదకొండేళ్ళలో ఒక్కసారీ అక్కరకు రాని పని. సూరమ్మ పేరు పక్కన రాశాను: అనవసర తనిఖీ.

తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే తలుచుకోమన్నాం. గ్యాసుకు చిన్న అల. చైత్ర ఆలస్యానికి పెద్దది. సైరన్ మోగుతోంది, ఇసకలో సూరమ్మ వంగుని ఉంది అనుకోమన్నప్పుడు అల తెర పైఅంచును తాకింది. మా పద్ధతి ప్రకారం ఎంచాల్సింది అదే. ఎంచాను. పన్నెండు వారాల పాటు, వారానికోసారి, ఆ సన్నివేశం మీదే గొడుగు దించాం.

చివరి రోజున మేం ఒక చిన్న పరీక్ష పెట్టేవాళ్ళం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక గాజు గ్లాసును బల్ల అంచున, సగం బయటికి ఉండేలా పెట్టి వదిలేస్తాం. వైద్యానికి ముందు బావ మూడు సెకన్లలో దాన్ని లోపలికి జరిపాడు. ఈసారి అరగంట కబుర్లు చెప్పాడు. గ్లాసు వైపు రెండుసార్లు చూశాడు కూడా. జరపలేదు. అటువైపు నుంచి మాత్రమే కనబడే అద్దం వెనక నిలబడ్డ మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ జూన్‌లో అక్కావాళ్ళ క్వార్టర్సుకి వెళ్ళాను. బావ లుంగీ ఎగ్గట్టి చైత్రకు సైకిలు నేర్పిస్తున్నాడు. వెనక పట్టుకున్న చెయ్యి వదిలేసి చప్పట్లు కొడుతున్నాడు. పిల్ల రెండుసార్లు పడి మూడోసారి తొక్కుకుంటూ పోయింది. నన్ను చూసి “ఏం డాట్రమ్మా, మరదలి చేతిలో బాగుపడ్డ మొదటి బావని నానే కాదేటి!” అని గట్టిగా నవ్వాడు. అతని నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అక్క వంటింట్లో చేపల పులుసు కలుపుతూ, “రెండు నెలల్నించి నేను నిద్రపోతున్నానే” అంది. అని కళ్ళు తుడుచుకుంది. “మొన్న నాకు నాలుగు రోజులు జొరం కాసింది. ఇదివరకైతే గంటగంటకీ థర్మామీటరు. ఈసారి తగ్గిపోద్దిలే అని మ్యాచి చూడ్డానికి పోయాడు. చూసావా ఎంత మారిపోయాడో!”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రి బస్సులో ఆ జ్వరం మాట ఒకసారి గుర్తొచ్చింది. వచ్చి పోయింది.

అక్టోబరు పదకొండున పైన కొండల్లో వాన పడింది. నల్లగెడ్డ దగ్గర మాత్రం ఎండ. మూడు దాటాక జలాశయంలోకి నీళ్ళు ఎక్కువవుతున్నాయని, రెండు గేట్లు రెండేసి అడుగులు ఎత్తమని ఇంజనీరు గారు ఫోన్ చేశారు. బావ మూడుసార్లు సైరన్ మోగించాడు. పావుగంట ఆగాడు. గేట్లెత్తాడు. సూరమ్మ దోసపాదుల్లో ఉంది. మర్నాడు పొద్దున మూడు కిలోమీటర్ల దిగువన తుమ్మచెట్ల మధ్య దొరికింది.

నాకు అక్క ఫోన్‌లోనే తెలిసింది. “పాపం, ముసిల్ది పోయిందే. మీ బావ తప్పేటీ లేదు. రూలు ప్రకారమే చేశాడు.”

“ముసలావిడ పేరేమిటక్కా?”

“సూరమ్మ.”

ప్రయోగశాల మెట్ల మీదే కూర్చుండిపోయాను. పైనుంచి దిగుతున్న వాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు.

విచారణకు ఒక అధికారి వచ్చి రిజిస్టరు చూశారు, సైరన్ మోగించి చూశారు, నలుగురిని అడిగారు. మూడు మోతలూ విన్నామని నలుగురూ చెప్పారు. అర్ధగంటలో అయిపోయింది. ఎవరి మీదా తప్పు రాయలేదు. రాయడానికి నిజంగానే ఏమీ లేదు. గట్టు దిగి చూడమని ఏ రూలులోనూ లేదు.

నేను వెళ్ళేసరికి బావ వీధి వరండాలో కూర్చుని సీతాఫలం తింటున్నాడు. అక్క కుర్చీ వేసి లోపలికి వెళ్ళింది.

“బావా, ఆ రోజు కిందకి దిగలేదా?”

“నేదు.”

“సూరమ్మ గుర్తు రాలేదా?”

“ఎందుకు రానేదు? వచ్చింది. మూడున్నరవతాంది, ఎండ మండిపోతాంది, ఈపాటికి ఇంటికెల్లిపోయుంటాదిలే అనుకున్నాను.” గింజలు చేతిలోకి ఊసి గిన్నెలో వేశాడు. “సైరన్ ఏసాను కదా.”

“ఇప్పుడెలా ఉంది మీకు?”

ఎప్పటిలాగే నిజాయితీగా ఆలోచించి చెప్పాడు. “పాపం అనిపించింది. నిద్దరైతే పట్టింది.”

అప్పుడే గేటు తీసుకుని ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. అక్క నన్ను లోపలికి లాగి, సూరమ్మ కూతురు రాములమ్మ అని చెవిలో చెప్పింది. కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

“మా అమ్మ దినం ఎల్లుండి బాబూ. తవరు రావాల.”

“వత్తానమ్మా.”

“తవరేటీ మనసులో పెట్టుకోకండి బాబూ. తవరికి ఎంత జాలో ఊరందరికీ ఎరికే. మా యమ్మ ఎప్పుడూ అనేది, నల్లగెడ్డ బాబు తువ్వాలు ఊపితేగాని నాను ఇసకలోంచి లేవనని. ఆ దినం తవరు ఊపినా అది చూసుకోనేదేమో. దాని రాత. తవరేం చేస్తారు.”

బావ ఊపలేదని చెప్పలేదు. ఊపానని కూడా అనలేదు. “అవునమ్మా” అన్నాడు. మామూలుగా, పొద్దున పాలవాడితో అన్నట్టు అన్నాడు. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అతను ఇంకో సీతాఫలం విప్పాడు.

ఆవిడ మాటల్లో ఒక సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు పిలుస్తారని నేను అనుకున్నాను. పిలిచేవాళ్ళు పిలిచినా, ఆ ముసలావిడ లేచింది మాత్రం బావ తువ్వాలు చూసే. పదకొండేళ్ళలో ఒక్కసారీ ప్రమాదం రాకపోవడానికి కారణం అదే కావచ్చు. ఆ సంగతి బావకూ తెలియదు. నేను అడిగిందల్లా ఎన్నిసార్లు అన్న లెక్కే.

విశాఖపట్నం రాగానే ఫైల్లోంచి ఆ కాగితం తీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదు. ఎవరైనా అడుగుతారని కూడా లేదు. మామీద విచారణ లేదు, ఆ చావుకూ మా గొడుగుకూ సంబంధం ఉందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ కాగితంతోనే ఆఫీసుకు వెళ్ళేదాన్ని, కూరలు కొనేదాన్ని. రెండో దశకు పేర్లిచ్చిన వాళ్ళ జాబితా నా బల్ల మీదకు వచ్చింది. అందులో పసిపిల్లల వార్డు నర్సు ఒకామె, అంబులెన్సు డ్రైవరు ఒకతను, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకతను ఉన్నారు. అందరూ దిగులుతో చితికిపోయిన వాళ్ళే. సాయం అడిగి వచ్చిన వాళ్ళే. మూడో పేజీ దాటి చదవలేకపోయాను.

డిసెంబరులో ఆరు నెలల పరీక్షకు బావ వచ్చాడు. పరీక్ష అయ్యాక నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నన్ను తేరిపార చూశాడు.

“చిక్కిపోనావు. కళ్ళు కూడా వాచినాయి. సూరమ్మ గురించేనా?”

అవునన్నాను.

“నాకో సంగతి అర్థం కావట్నేదు ఇందూ. చచ్చిపోనాది నాకు తెలిసిన మనిషి. దాని దోసకాయలు పదకొండేళ్ళు తిన్నాను. నువ్వు దాన్ని చూణ్ణే చూళ్ళేదు. నువ్వు ఏడస్తన్నావు, నాను ఏడవట్నేదు. ఇది తిరగబడ్డాది కదేటి?”

హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి అతని ముందు పెట్టాను. చివరి వరుస చూపించాను. మీకు ఏ భయం తీసెయ్యాలో ఎంచింది నేనే బావా అన్నాను. తీసింది గ్యాసు భయమో తాళం భయమో కాదు, సూరమ్మ భయమే అన్నాను. పన్నెండుసార్లు తలుచుకోమని, పన్నెండుసార్లూ అణచామని చెప్పాను.

అతను కాగితం రెండుసార్లు చదివాడు. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని ఎదురుచూశాను.

“మళ్ళీ పెట్టీగలవా?” అన్నాడు.

“ఏది?”

“తీసిందే.”

పెట్టవచ్చు. మొదటి రోజు తీసిన మెదడు పటం మా దగ్గరుంటుంది. ఏడాది లోపల మూడుసార్లు కూర్చోబెడితే పాత స్థితి తిరిగి వస్తుంది. అదే చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. “మెల్లమెల్లగా రాదు బావా. ఒక్కసారిగా వస్తుంది. వచ్చేసరికి సూరమ్మ అక్కడే ఉంటుంది. మీ అమ్మగారి విషయంలో మీ తప్పేమీ లేకపోయినా ఎనిమిది నెలలు లేవలేదు మీరు. ఇది అంతకంటే ఎక్కువ. మళ్ళీ వంతెన చివరికి వెళ్తారేమో.”

“ఎల్తానేమో. నీకు ఆ భయముంది, నాకు నేదు. అందుకే ఇప్పుడడగతన్నాను. భయమొచ్చేక అడగలేను.” కాగితం మడిచి నాకిచ్చాడు. “వచ్చే వానల్లో మళ్ళీ గేట్లెత్తాల. కింద ఎవరో ఒకరుంటారు. ఈపాటికి ఎల్లిపోయుంటార్లే అనే అనుకుంటాను. నన్ను నాను ఎరుగుదును.”

అక్కకు చెప్పడానికి మళ్ళీ వెళ్ళాను. అంతా విని ఆమె అట్లకాడ పక్కన పెట్టింది.

“వద్దు.”

“అక్కా, బావే అడుగుతున్నాడు.”

“అతను అడుగుతాడు. రేపు మంచం మీద పడితే మూతి తుడిచేది నేను. వంతెన మీద వెతుక్కునేది నేను. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాదు కదా. నా పిల్లకి నవ్వే నాన్న దొరికి ఏడాది కూడా కాలేదు.” గొంతు తగ్గించింది. “ఒకసారి భయస్తుణ్ణి తీసుకెళ్ళి ధైర్యవంతుణ్ణి ఇచ్చావు. ఇప్పుడు అతన్నీ తీసుకెళ్తానంటున్నావు. నా మొగుణ్ణి ఎన్నిసార్లు పట్టుకెళ్తావే?”

వరండాలోంచి బావ అన్నాడు. “దమయంతీ, ఎండాకాలంలో నువ్వు జొరంతో ఉన్నప్పుడు మ్యాచికి పోనాను. నువ్వు చచ్చిపోయినా నాను అలాగే పాపం అనుకుని నిద్దరోతానేమో. నీకది కావాలేటి?”

అక్క పొయ్యి ఆర్పింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. వద్దని మళ్ళీ అనలేదు. సరేనని కూడా ఎప్పుడూ అనలేదు.

ప్రయోగాల్లో నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే మా సంస్థ సంఘానికి నేను ఉత్తరం రాశాను. తవిటినాయుడు నా బావ అని, ఆ సంగతి దాచానని, ఆ కాగితం ఫైల్లోంచి నేనే తీశానని, ఇతరుల ప్రాణాలు చేతిలో ఉండే నర్సులనూ డ్రైవర్లనూ రెండో దశలో చేర్చవద్దని రాశాను. కాగితం జతచేశాను. విల్సన్‌బాబు గారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఒక్క కాగితం, ఇందుమతీ. నూట నలభై మంది లేచి తిరుగుతున్నారు. అందులో పదహారు మంది అంతకుముందు ఆత్మహత్యకు ప్రయత్నించిన వాళ్ళు. వాళ్ళకేం చెబుతావు?”

“తెలియదు సార్.”

ఇప్పటికీ తెలియదు. ఆయన ప్రయోగం ఆపించారు. నన్ను సస్పెండు చేసే కాగితం మీదా, బావకు పాత స్థితి తిరిగి ఇచ్చే కాగితం మీదా ఒకే రోజు సంతకం పెట్టారు. ఆ మూడు సార్లకూ నన్ను గది బయట ఉండనిచ్చారు.

మూడోది జనవరి ఆఖరులో, పొద్దున పదకొండింటికి. అక్క వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, ఎదురు బల్ల మీద కూర్చుంది. బావ బయటికి వచ్చాడు, మంచినీళ్ళడిగి తాగాడు. ఏం లేదే అన్నట్టు నన్ను చూశాడు. లిఫ్టు వరకు నడిచాం. లిఫ్టు ముందు నిలబడ్డవాడు ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయాడు.

“ఐదు నిముసాలు” అన్నాడు. “గట్టు దిగి ఎక్కడానికి ఐదు నిముసాలే ఇందూ. పావుగంట ఊరికే కూకున్నాను. ఫోన్ చూసుకుంటా కూకున్నాను.”

ఆ తర్వాత వచ్చిన ఏడుపు ఎలాంటిదో రాయను. వరండాలో జనం తలుపులు తీసి చూశారు. అక్క కిందే కూర్చుని అతని తల తన ఒళ్ళోకి తీసుకుంది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

మూడు నెలలు అతను ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ గడిపాడు. మందులు వాడారు. వంతెన తలుపుకు తాళం వేయించింది అక్క. చైత్ర బడి మానేసి పది రోజులు తండ్రి మంచం పక్కనే కూర్చుంది. ఆ సంగతి పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది నాకు. అక్క నా ఫోన్ ఎత్తేది కాదు. అతను ఆత్మహత్య చేసుకుంటే అన్న ఆలోచనతో లేచేదాన్ని, దానితోనే పడుకునేదాన్ని. నా మొగ్గు ఎంతో ఎప్పుడూ కొలిపించుకోలేదు. ఒకసారి ఆ కుర్చీ గురించి ఆలోచన వచ్చింది. పన్నెండు వారాలు కూర్చుంటే ఇదంతా పోతుంది కదా అనిపించింది. ప్రయోగం ఆగిపోయినందుకు ఆ ఒక్కరోజు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఏప్రిల్ చివర్లో బావే ఫోన్ చేశాడు. గొంతు గాలిలా ఉంది.

“రాములమ్మ ఇంటికెల్లాల. ఒక్కణ్ణీ ఎల్లలేను. వత్తావా?”

వెళ్ళాను. అతను సగమైపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అక్క గుమ్మంలో నిలబడి అతని జేబులో మాత్రలు పెట్టింది. నా వైపు చూడకుండానే, “ఎండలో ఎక్కువసేపు ఉంచకు” అంది. నాలుగు నెలల్లో అక్క నాతో అన్న మొదటి మాట అది.

రాములమ్మ ఇల్లు ఊరి చివర. గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. బావను చూడగానే లేచి, “బాబూ, ఒంట్లో బాగోనేదంట కదా, ఇలాగొచ్చేరేటి” అని నులకమంచం వాల్చబోయింది. అతను కూర్చోలేదు.

“అమ్మా, ఆ దినం నాను తువ్వాలు ఊపనేదు. గట్టు దిగనేదు. మీ యమ్మ ఉంటాదేమోనని తెలుసు. అయినా దిగనేదు.”

ఆవిడ మంచం కోడు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. మెల్లగా నిటారుగా నిలబడింది. ముఖంలో ఉన్న మర్యాద అంతా పోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మేం వెళ్ళిపోలేదు. చూరు నీడ జానెడే ఉంది. అందులో అతన్ని నిలబెట్టి నేను ఎండలో నిలబడ్డాను. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. పక్కింటి వాళ్ళు ఏమిటని అడిగి, జవాబు లేకపోతే వెళ్ళిపోయారు. గంట పైగా అయింది. వెళ్దామా అని అడగాలనిపించింది, అడగలేదు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఒక్క మాట చెప్పు” అంది. బాబూ అన్న మాట లేదు. “నీళ్ళొదిలీటప్పటికి మా యమ్మ వంగుని పని చేసుకుంటాందా, కూకుని ఉందా? నీళ్ళొచ్చేది చూసిందా, చూడనేదా? రోజూ అదే అడగతన్నాను. ఎవలూ చెప్పట్నేదు. నీకు పైనుంచి అంతా కనిపిస్తాది కదా.”

బావ చూరు నీడలోంచి ముందుకు వచ్చాడు.

“నాను చూడనేదమ్మా.”

ఆవిడ అతన్నే చూస్తూ నిలబడింది. అతను తల దించుకోలేదు. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తర్వాత ఆవిడ చూపు నా మీదకు తిరిగింది.

“మరి నువ్వెవలమ్మా?”

నా పేరు చెప్పాను. ఏం పని చేసేదాన్నో చెప్పాను. ఆ తర్వాత, మీ అమ్మ పేరు నేనొక కాగితం మీద రాశానమ్మా అని మొదలుపెట్టి, ఏమీ వదలకుండా చెప్పాను. ఆవిడ తలుపు పట్టుకుని చివరిదాకా వింది.